పిడుదు రహస్యం ఛేదించిన థియోబాల్డ్ స్మిత్

కుక్క చెవుల వెనుక, కాలివ్రేళ్ళ సందులలో పిడుదులు పట్టి ఉండడం మనమందరం చూచినదే. కొన్నాళ్ళకు ఆ మూగజీవం జ్వరంతో తిండి మాని, చిగుళ్ళు పాలిపోయి, మూత్రం ఎర్రబారి కృశించిపోవడం కూడా కొందరు చూచి ఉంటారు. ఈ రెండింటికీ గల సంబంధం నేడు పశువైద్య విద్యార్థికి తొలి పాఠాలలో ఒకటి. అయితే అట్టి సంబంధం మొదట ఋజువైనది కుక్కలలో కాదు, పశువులలో. ఆ ఘనత అమెరికా శాస్త్రజ్ఞుడు థియోబాల్డ్ స్మిత్‌ది.

ఆయన 1859 జూలై 31న న్యూయార్క్ రాష్ట్రంలోని ఆల్బనీ నగరంలో జన్మించారు. తల్లిదండ్రులు జర్మనీ నుండి వలస వచ్చిన సామాన్యులు. కార్నెల్ విశ్వవిద్యాలయంలో పట్టం పొంది, 1883లో వైద్యవిద్య ముగించిన స్మిత్, ఆ మరుసటి సంవత్సరమే వాషింగ్టన్‌లోని ప్రభుత్వ పశుపరిశ్రమ శాఖలో చేరారు. అక్కడ పందుల వ్యాధిని పరిశోధిస్తూ ఆయన వేరుచేసిన సూక్ష్మజీవి జాతికి తరువాత పై అధికారి సాల్మన్ పేరిట సాల్మొనెల్లా అనే నామం స్థిరపడింది.

ఆ రోజులలో టెక్సాస్ జ్వరం పశుపోషకులను కుంగదీస్తూ ఉండేది. దక్షిణాది పశువులు చూపునకు ఆరోగ్యంగానే ఉండేవి. కాని అవి నడచిన నేలపై మేసిన ఉత్తరాది పశువులు కొన్ని వారాలలో మరణించేవి. దీనికి పిడుదులే కారణమని పశువుల కాపరులు చెప్పగా విద్వాంసులు పరిహసించారు. స్మిత్ పరిహసించలేదు, అలాగని గుడ్డిగా నమ్మనూ లేదు, పరీక్షించారు.

1889లో పశువైద్యుడు కిల్బోర్న్‌తో కలిసి ఆయన పొలాలను విభజించి కంచెలు వేయించారు. ఒక పొలంలో పిడుదులున్న దక్షిణాది పశువులతో ఉత్తరాది పశువులను కలిపి ఉంచారు. మరొక పొలంలో దక్షిణాది పశువుల ఒంటినుండి పిడుదులను చేతితో ఏరివేసి, ఆ పిమ్మట ఉత్తరాది పశువులను చేర్చారు. వేరొకచోట పశువులు లేకుండా పిడుదులను మాత్రమే నేలపై చల్లి, ఉత్తరాది పశువులను వదిలారు. పిడుదులున్న చోటనే వ్యాధి వచ్చింది. ప్రయోగశాలలో గ్రుడ్లనుండి పొదిగించిన పిల్ల పిడుదులు సైతం వ్యాధిని కలిగించాయి. అనగా తల్లి నుండి గ్రుడ్డుకు, గ్రుడ్డు నుండి పిల్లకు ఆ పరాన్నజీవి సంక్రమిస్తున్నదన్నమాట. ఎర్ర రక్తకణాలలో బేరిపండు ఆకారంలో జంటలుగా ఉండే ఆ ఏకకణజీవిని స్మిత్ సూక్ష్మదర్శినిలో గుర్తించారు. 1893లో ఫలితాలు వెలువడ్డాయి. 1888లో రుమేనియా పశువులలో ఇట్టి జీవిని చూచిన బేబెష్ పేరిట ఈ జాతిని నేడు బబేసియా అంటున్నారు.

ఈ ఋజువు వెలువడిన నాలుగేళ్ళకు, 1897లో, మన సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దోమలో మలేరియా పరాన్నజీవిని కనుగొన్నారు. 1895లో ఇటలీలో కుక్కల రక్తంలోను బబేసియా కనిపించింది. 1901లో దక్షిణాఫ్రికాలో లౌన్స్‌బరీ అది కుక్కలకు పిడుదుల ద్వారానే సోకుతుందని నిరూపించారు. 1910లో ప్యాటన్ మద్రాసు వేటకుక్కలలో మరొక జాతిని వర్ణించారు. నేటికీ ఈ వ్యాధులనుండి కుక్కకు ప్రధాన రక్షణ పిడుదుల నివారణే.

స్మిత్ హార్వర్డ్‌లో ఆచార్యులై, 1898లో మానవుల క్షయకు, పశువుల క్షయకు కారణమైన సూక్ష్మజీవులు వేర్వేరని చూపారు. అనంతరం ప్రిన్స్‌టన్‌లోని రాక్‌ఫెల్లర్ సంస్థ పశురోగ విభాగానికి సారథ్యం వహించి, 1934 డిసెంబరు 10న కన్నుమూశారు.

ఆయన వేరుచేసిన జీవులు ఇతరుల పేర్లు ధరించాయి. ఆయన పని మాత్రం నిలిచింది. చదువురాని కాపరి మాటను త్రోసిపుచ్చక, పొలంలో నిలబెట్టి పరీక్షించిన ఆ వినయమే శాస్త్రానికి పునాది. విద్యార్థులమైన మనకు ఆయన జీవితం అందించే పాఠమూ అదే.