హ్యారీ పోప్

హ్యారీ మెల్విల్ పోప్ (1861 - 1950) అమెరికాకు చెందిన సుప్రసిద్ధ రైఫిల్ గొట్టాల నిర్మాత. పోతపోసిన సీసపు గుండు గురి తప్పకుండా పోవాలంటే గొట్టము లోపలి భాగము ఎలా ఉండాలో ఈయన తన చేతిపనితో నిరూపించాడు.

జీవితము

పోప్ న్యూ హాంప్‌షైర్ రాష్ట్రములోని వాల్‌పోల్‌లో జన్మించాడు. 1881లో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ నుండి ఇంజనీరింగు పట్టా పొందాడు. హార్ట్‌ఫర్డ్‌లో సైకిళ్ళ కర్మాగారములో ఉద్యోగము చేస్తూనే గొట్టాల తయారీ ప్రారంభించాడు. స్వయంగా మంచి గురికాడు కూడా. 1901లో స్టీవెన్స్ కంపెనీ ఈయన వ్యాపారాన్ని కొనుగోలు చేసింది. కొన్నేళ్ళకు అక్కడినుండి బయటపడి శాన్ ఫ్రాన్సిస్కో చేరాడు. 1906 నాటి భూకంపము, దాని వెంట చెలరేగిన మంటలు ఆ దుకాణాన్ని నాశనము చేశాయి. అప్పటికి ఆయన వయసు 44 ఏళ్ళు. తిరిగి మొదటినుండి ఆరంభించి, న్యూ జెర్సీ రాష్ట్రములోని జెర్సీ సిటీలో స్థిరపడి, వృద్ధాప్యములోనూ అక్కడే పనిచేశాడు.

పని విధానము

సీసము మెత్తని లోహము. కొద్దిగా తగరము కలిపినా, గొట్టములోని గరుకు భాగాలకు రాసుకొని అక్కడ అంటుకుంటుంది. అందువలన తరువాతి గుండ్లు దారి తప్పుతాయి. దీని నివారణకు నునుపు చేయడమే మార్గము. ఇనుప కడ్డీ చివర గొట్టములోనే సీసము పోస్తే అది గాడుల ఆకారము పొందుతుంది. దానికి నూనె, మెత్తని కురువిందపు పొడి పూసి ముందుకు వెనుకకు నడుపుతారు. ఇరుకైన చోట కడ్డీ బిగుసుకోవడము చేతికి తెలుస్తుంది. అక్కడ ఎక్కువసార్లు రుద్దాలి. విద్యార్థులు గమనించవలసినది ఏమంటే, ఇక్కడ అద్దము వంటి మెరుపుకన్నా గొట్టము పొడవునా కొలత సమముగా ఉండడము ముఖ్యము. పోప్ గొట్టాలు మూతి వైపు మాత్రము అతి స్వల్పముగా బిగుతుగా ఉండేవి. ఎనిమిది గాడుల మెలిక ఎడమవైపుకు తిరుగుతూ, మూతిని సమీపించేకొద్దీ ఎక్కువయ్యేది.

మందు నింపిన తూటా గుల్లను వెనుకనుండి, గుండును మూతినుండి పెట్టడము ఈయన పద్ధతి. వెనుకనుండి తోస్తే గాడుల ఒరిపిడికి గుండు అడుగు అంచున సీసపు పొరలు లేస్తాయి. మూతి దాటే క్షణములో వాయువు అక్కడ అసమానముగా వెలువడి గుండును పక్కకు నెడుతుంది. మూతినుండి దింపితే అడుగు అంచు చెక్కుచెదరదు.

తొందరపెట్టే కొనుగోలుదారులను పోప్ లెక్కచేసేవాడు కాదు. కొందరు ఏళ్ళ తరబడి వేచి ఉన్నారు. రచయిత లూసియన్ కేరీ ఈయన నమూనాగా జె.ఎం.పైన్ అనే పాత్రను సృష్టించాడు. రాగి తొడుగు గుండ్లు వ్యాపించాక ఈ పద్ధతి వెనుకబడినా, ఈయన గొట్టాలను సేకరణకర్తలు నేటికీ భద్రపరుస్తున్నారు.