పీడనానికి పేరైన పాస్కల్

కార్ల పిచ్చి ఉన్న పిల్లలు మన ప్రతి తరగతిలోనూ ఉంటారు. టర్బో ఇంజిన్ బూస్ట్ ఎంత అని అడిగితే ఒకరు 0.8 అంటారు, ఒకరు 80 అంటారు, ఇంకొకరు 11.6 అంటారు. గొడవ అవసరం లేదు, ముగ్గురూ చెప్పింది ఒకటే. మొదటిది బార్లలో, రెండోది కిలోపాస్కల్స్‌లో, మూడోది పి.ఎస్.ఐ.లో, అంటే చదరపు అంగుళానికి పౌండ్లలో. ఒక బార్ అంటే 100 కిలోపాస్కల్స్, దాదాపు 14.5 పి.ఎస్.ఐ. ఈ కొలతల్లో ఒకదానికి మనిషి పేరుంది. ఆయన కథ తెలుసుకుందాం.

బ్లేజ్ పాస్కల్ 1623 జూన్ 19న ఫ్రాన్స్‌లోని క్లెర్మాంట్‌లో పుట్టాడు. మూడేళ్ళకే తల్లి పోయింది. తండ్రి పన్నుల అధికారి. 1631లో పిల్లలతో పారిస్ చేరాడు. 1640 నాటికి ఉద్యోగరీత్యా రూవాన్‌కు మకాం మార్చాడు. మన బడుల్లో సగం మందికి ఈ కథ కొత్త కాదు కదా! అక్కడ తండ్రి పన్నుల లెక్కలు కూడలేక అలసిపోతుంటే, 19 ఏళ్ళ కొడుకు పళ్ళచక్రాలతో లెక్కలు చేసే యంత్రం తయారీకి పూనుకున్నాడు.

ఇటలీలో టోరిసెల్లీ చేసిన ప్రయోగం గురించి రూవాన్‌లోనే విన్నాడు. పాదరసం నింపిన గాజు గొట్టాన్ని పాదరసం తొట్టిలో బోర్లిస్తే, అది పూర్తిగా దిగిపోకుండా 76 సెంటీమీటర్ల దగ్గర ఆగుతుంది. దాన్ని మోస్తున్నది బయటి గాలి బరువేనా? అదే నిజమైతే కొండమీద పైనున్న గాలి తక్కువ కాబట్టి పాదరసం ఇంకా దిగాలి.

కానీ పాస్కల్‌కు ఆరోగ్యం అంతంతమాత్రం. క్లెర్మాంట్‌లో ఉన్న బావగారు పెరియేకు ఉత్తరం రాశాడు. 1648 సెప్టెంబర్ 19న పెరియే ఒక గొట్టాన్ని ఊళ్ళో ఒక సన్యాసి కాపలాలో ఉంచి, ఇంకొకదానితో ప్యూయ్ ద డోమ్ కొండ ఎక్కాడు. పైన పాదరసం 8 సెంటీమీటర్లకు పైగా తగ్గింది. కింద ఉన్నది కదలలేదు. ఆ తేడా ఇవాళ్టి లెక్కలో దాదాపు 11 కిలోపాస్కల్స్.

టర్బో లెక్కలో మనం తప్పటడుగు వేసేది ఇక్కడే. సాధారణంగా బూస్ట్ గేజీ చూపేది బయటి గాలికి మించి ఉన్న పీడనాన్ని మాత్రమే. సముద్రమట్టం దగ్గర గాలిదే 101 కిలోపాస్కల్స్. గేజీలో 80 ఉంటే ఇంజిన్‌లోకి వెళ్ళే గాలి మొత్తం పీడనం 181. మొత్తం పీడనంగా రాసిన 181ని గేజీ పీడనం అనుకుని బూస్ట్ పెంచితే పిస్టన్లు కరిగిపోవచ్చు. అదే గేజీ 80 కొండమీద అయితే మొత్తం 181 రాదు, కింద కలపాల్సిన గాలి తగ్గింది మరి. అందుకే అంకె చూడగానే రెండు ప్రశ్నలు వేసుకోవాలి: ఏ కొలత? ఎక్కడి నుంచి కొలిచారు?

చివరి ఏడాదిలోనూ పాస్కల్ ఊరుకోలేదు. 1662లో పారిస్ వీధుల్లో నిర్ణీత మార్గాల్లో తిరిగే గుర్రపు బండ్ల సర్వీసు మొదలుకావడానికి తోడ్పడ్డాడు. ఆ ఆగస్టు 19న, 39 ఏళ్ళకే కన్నుమూశాడు. 1971లో అంతర్జాతీయ కొలతల సభ పీడనం ప్రమాణానికి ఆయన పేరు పెట్టింది.

రేపు మన నాన్నకో అమ్మకో కొండ ప్రాంతానికి బదిలీ అయితే దిగులు పడకుండా ఒక బారోమీటర్ సర్దుకుందాం. ఘాట్ రోడ్డు ఎక్కుతుంటే ముల్లు కిందికి జారుతుంది. పాస్కల్ మంచంలో ఉండి ఊహించినది మన కళ్ళతో మనమే చూడవచ్చు.