రష్యా సింహం – జార్జ్ హాకెన్‌ష్మిట్

మల్లయుద్ధం అతి ప్రాచీనమైన విద్య. విరాటుని కొలువులో వలలుడనే మారుపేరుతో దాగి ఉన్న భీమసేనుడు జీమూతుడనే మల్లుని మట్టి కరిపించిన ఘట్టం మహాభారతం చదివినవారికి సుపరిచితమే. గోదా చుట్టూ చేరిన జనం ఏ కాలంలోనైనా కోరేది ఒక్కటే. తలపడిన ఇద్దరిలో నిజమైన బలశాలి ఎవరో తమ కళ్ల ముందు తేలాలి. ఆ నిజాయితీ మీద నమ్మకం ఉన్నంతవరకు మల్లుడు వారికి ఆరాధ్యుడు. ఆ నమ్మకం సడలిన క్షణంలో అభిమానమే ఏవగింపుగా మారుతుంది. ఇరవయ్యో శతాబ్ది తొలి సంవత్సరాలలో రెండు ఖండాల ప్రజల చేత జేజేలందుకొని, 1911లో ఒక్క మధ్యాహ్నంతో వారి ఆగ్రహానికి గురైన మహామల్లుడు జార్జ్ హాకెన్‌ష్మిట్. రష్యా సింహమని అతనికి బిరుదు.

హాకెన్‌ష్మిట్ 1877 ఆగస్టులో డోర్పాట్ నగరంలో జన్మించాడు. నేడు టార్టు అనే పేరుతో ఎస్టోనియా దేశంలో ఉన్న ఆ నగరం ఆనాడు రష్యా సామ్రాజ్యంలో భాగం. తండ్రి అద్దకపు కర్మాగారం యజమాని. చిన్ననాటి నుండి హాకెన్‌ష్మిట్‌కు వ్యాయామమంటే మిక్కిలి మక్కువ. పాఠశాల చదువు ముగిసిన పిమ్మట అతడు నేటి టాలిన్ నగరంలోని ఒక యంత్ర నిర్మాణశాలలో పని నేర్చుకోవడానికి చేరాడు. పగలు సుత్తి పట్టిన చేతులు సాయంకాలం అక్కడి వ్యాయామ సంఘంలో ఇనుప గుండ్లు ఎత్తేవి. 1896లో జార్జ్ లూరిఖ్ అనే ప్రసిద్ధ మల్లుడు అతనిని ఓడించాడు. ఆ ఓటమి అతనిని కుంగదీయలేదు. తనకు బలమే గాని విద్య చాలదన్న ఎరుకను మాత్రం కలిగించింది.

ఆ విద్యను నేర్పినవాడు సెయింట్ పీటర్స్‌బర్గ్ నగరంలోని క్రయెవ్‌స్కీ అనే వైద్యుడు. వ్యాయామం మీది ప్రీతితో ఆయన తన ఇంటినే ఒక వ్యాయామశాలగా మార్చి, ప్రతిభ గల యువకులను చేరదీసేవాడు. 1898లో హాకెన్‌ష్మిట్ ఆయన ఇంటనే ఉండి శిక్షణ పొందాడు. మితాహారం, చాలినంత నిద్ర, క్రమం తప్పని సాధన అక్కడ అలవడ్డాయి. వెల్లకిల పడుకొని సుమారు 164 కిలోల బరువును రెండు చేతులతో పైకెత్తి ఆ రోజులలో అతడు అందరినీ ఆశ్చర్యపరచాడు. అదే సంవత్సరం వియన్నాలో జరిగిన పోటీలలో విజేతగా నిలిచాడు. ఆపై ఐరోపా నగరాలన్నీ అతనికి విజయరంగాలే అయ్యాయి.

1902లో హాకెన్‌ష్మిట్ లండన్ చేరాడు. ఆనాటి లండన్ ప్రజలకు ముఖ్య వినోదస్థానాలు సంగీత నాటకశాలలు. పాట, నాట్యం, ఇంద్రజాలంతో పాటు కుస్తీ కూడా అక్కడ ప్రదర్శించేవారు. హాకెన్‌ష్మిట్ రంగస్థలం మీద నిలిచి, ఎదిరించగలవారు రావలసిందని సవాలు చేసేవాడు. వచ్చినవారిని నిమిషాలలోనే పడగొట్టేవాడు. ఇక్కడనే ఒక చిక్కు వచ్చింది. పోటీ అంత త్వరగా ముగిసిపోతే డబ్బు చెల్లించి వచ్చిన ప్రేక్షకునికి తృప్తి ఏది? అతని ప్రదర్శనల నిర్వాహకుడు చార్లెస్ కోక్రన్ రంగస్థలపు మెలకువలు తెలిసినవాడు. ప్రత్యర్థిని వెంటనే పడవేయక కొంతసేపు నిలువనిచ్చి, ఉత్కంఠ పెంచి, ఆ తరువాత గెలవడం మేలని అతడు ఉపదేశించాడు. హాకెన్‌ష్మిట్ అందుకు సమ్మతించాడు. విద్యలోకి నటన తొలిసారి ప్రవేశించింది. తమను రంజింపజేయడానికే ఆ ఆలస్యమని ఎరుగని జనం అతనిని మరింత అభిమానించారు.

అయితే అతని బలం మాత్రం నటన కాదు. 1904 జనవరి 30న లండన్‌లోని ఒలింపియా భవనంలో అహ్మద్ మద్రాలీ అనే మహాకాయునితో అతడు తలపడ్డాడు. ఆ పోటీని చూడడానికి వచ్చిన జనంతో వీధులు క్రిక్కిరిసిపోయాయి. నిమిషమైనా నిండకముందే హాకెన్‌ష్మిట్ మద్రాలీని ఎత్తి నేల మీద పడవేశాడు. ఆ పాటుకు మద్రాలీ చేయి కీలు తప్పింది. అదే ఏడాది జూలైలో ఆల్బర్ట్ హాలులోను, 1905 మే 4న న్యూయార్క్ నగరంలోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లోను అమెరికా మల్లుడు టామ్ జెంకిన్స్‌ను ఓడించి, ప్రపంచ విజేతగా గుర్తింపు పొందాడు. దృఢమైన శరీరానికి తోడు సౌమ్యమైన మాట, మర్యాద గల నడవడి ఉండడం వలన అతడు నాటి యువకులకు ఆదర్శమూర్తి అయ్యాడు.

1908 ఏప్రిల్ 3న షికాగో నగరంలో ఆ కీర్తికి తొలి దెబ్బ తగిలింది. ప్రత్యర్థి అమెరికా దేశపు అయోవా రాష్ట్రానికి చెందిన ఫ్రాంక్ గాచ్. ఇతడు కూడా 1877లోనే జన్మించినవాడు. గాచ్ ఓర్పులో మేటి. హాకెన్‌ష్మిట్ తగినంత సాధన చేయకుండానే బరిలో దిగాడని అప్పటివారు విమర్శించారు. ఇద్దరూ నిలుచుండియే రెండు గంటల సేపు పెనుగులాడారు. చివరకు హాకెన్‌ష్మిట్ అలసి, తనంత తానుగా ఓటమిని అంగీకరించాడు. మొదట గాచ్‌ను మెచ్చుకొన్నవాడే, లండన్ చేరిన పిమ్మట మాట మార్చాడు. గాచ్ ఒంటికి నూనె పూసుకొన్నాడని, గోళ్లతో రక్కాడని ఆరోపించాడు. గాచ్ పక్షంవారు ఈ ఆరోపణలను తోసిపుచ్చారు. ఓటమిని క్షమించగలిగిన అభిమానులలో కొందరికి ఈ మాట మార్పు మింగుడు పడలేదు.

మూడేళ్ల తరువాత, 1911 సెప్టెంబరు 4న, షికాగోలోని కోమిస్కీ పార్కులో పునఃపోటీ ఏర్పాటయింది. 25 వేలకు పైగా జనం తరలివచ్చారు. కాని పోటీకి కొద్ది రోజుల ముందే సాధన చేస్తుండగా హాకెన్‌ష్మిట్ మోకాలికి గాయమైంది. ఆ మోకాలు అంతకుముందే అతనిని చాలాకాలంగా బాధిస్తున్నది. గాయపు సంగతి నిర్వాహకులకు తెలుసు. టికెట్లు అమ్ముడుపోయాయి కనుక పోటీ ఆగలేదు. పోటీకి ముందు పందాలన్నీ రద్దయినట్లు ప్రకటించడంతో జనంలో అనుమానం మొలకెత్తింది. పిమ్మట జరిగినదంతా ఆ అనుమానాన్ని బలపరచింది. హాకెన్‌ష్మిట్ వరుసగా రెండు పర్యాయాలు పడిపోయాడు. అరగంట గడవకముందే అంతా ముగిసింది. దూరప్రాంతాల నుండి రైళ్లలో వచ్చిన అభిమానులు తాము మోసపోయామని భావించారు. నిన్నటి వరకు సింహమన్న నోళ్లే అతనిని నిందించాయి.

ఈ వ్యవహారంలో దోషం ఎవరిది? గాచ్ పక్షంవారే డబ్బిచ్చి మోకాలికి దెబ్బ తగిలేటట్లు చేయించారని తరువాత ఒక కథ ప్రచారంలోకి వచ్చింది. అది ప్రమాదవశాత్తు తగిలినదేనన్న కథనమూ ఉన్నది. ఒక పట్టు హాకెన్‌ష్మిట్‌కు విడిచిపెడతామని లోపాయికారీగా మాట ఇచ్చి, గాచ్ తప్పాడని చెప్పినవారు కూడా ఉన్నారు. వీటిలో ఏది సత్యమైనప్పటికీ, ఒక విషయంలో జనం కోపం న్యాయమైనదే. నిలువలేని కాలితో బరిలోకి దిగుతున్నట్లు హాకెన్‌ష్మిట్‌కు తెలుసు. డబ్బు చెల్లించిన ప్రేక్షకునికి తెలియదు. లండన్ రంగస్థలం మీద ప్రేక్షకుని తృప్తి కొరకు దాచిన చిన్న నిజమే, షికాగోలో ప్రేక్షకుని వంచించే పెద్ద దాపరికంగా పెరిగింది. అయితే జనం చేసిన తీర్పులో కూడా లోపమున్నది. గాయపడిన మనిషిని ముందుకు తోసి లాభం గడించినవారిని వారు మరచిపోయారు. నింద అంతా గోదాలో కనబడినవాని మీదనే పడింది.

ఆ తరువాత అమెరికాలో మల్లయుద్ధానికి ఆదరణ తగ్గింది. 1920 ప్రాంతం నుండి గెలుపోటములను ముందే నిర్ణయించుకొని, వేగంగా, ఆర్భాటంగా సాగే ప్రదర్శనలు ఆ స్థానాన్ని ఆక్రమించాయి. తన మర్యాదస్థుడు ఎప్పుడు దుష్టునిగా మారతాడో, తన దుష్టుడు ఎప్పుడు మంచివాడవుతాడో అని ప్రేక్షకుడు కూడా ఆ నటనకు అలవాటుపడ్డాడు.

జనం విడిచిపెట్టిన హాకెన్‌ష్మిట్ మాత్రం తనను తాను విడిచిపెట్టలేదు. ఓటమితో అతని మల్లజీవితం దాదాపు ముగిసింది. అప్పటికి అతని వయస్సు ముప్పది నాలుగు సంవత్సరాలే. మిగిలిన జీవితాన్ని అతడు అధ్యయనానికి అంకితం చేశాడు. శరీరానికి, మనస్సుకు గల సంబంధమేమిటి, మనిషి తన స్వభావానికి దూరమై ఎందుకు బాధపడుతున్నాడు అనే ప్రశ్నలు అతనిని వేధించాయి. 1908లో వ్యాయామాన్ని గురించి గ్రంథం రచించిన చేతితోనే 1930 తరువాత మనస్సు, ఆత్మ, చైతన్యం అనే విషయాల మీద తాత్త్విక గ్రంథాలు వెలయించాడు. వాటిని వేలమంది చదువలేదు. చప్పట్లు వినబడలేదు. అయినా అతని కలం ఆగలేదు. 1939లో ఫ్రాన్స్ పౌరసత్వాన్ని, 1950లో బ్రిటన్ పౌరసత్వాన్ని పొంది లండన్‌లో స్థిరపడ్డాడు. ఎనిమిది పదులు దాటిన వయస్సులో కూడా వ్యాయామం మానలేదు.

అతనిని రెండుసార్లు జయించిన గాచ్ 1917లో, నలభై ఏళ్ల వయస్సులోనే కన్నుమూశాడు. హాకెన్‌ష్మిట్ 1968 ఫిబ్రవరి 19న, తొంభై ఏళ్లు నిండిన పిమ్మట లండన్‌లో మరణించాడు. నేడు వ్యాయామశాలలలో యువకులు చేసే హ్యాక్ స్క్వాట్ అనే గుంజీల వంటి వ్యాయామం అతని పేరుతోనే ముడిపడి ఉన్నది. షికాగో జనం అతనిని ప్రేమించింది గెలుపును చూసి, ద్వేషించింది ఓటమిని చూసి. ఆ రెండింటి తరువాత అతడు జీవించిన యాభై ఆరు సంవత్సరాలను వారు చూడలేదు. ఒక మనిషిని తలకెత్తుకొనేటప్పుడు గాని, నేలకు విసిరికొట్టేటప్పుడు గాని, మనం చూసినది అతని జీవితంలో ఎంత భాగమో ఆలోచించుకోవడం విజ్ఞుల లక్షణం.