యల్లాప్రగడ సుబ్బారావు

అటు నల్లజర్ల మెట్టకూ, ఇటు కొల్లేటి లంకలకూ బోదకాలు తెలియని జబ్బు కాదు. దాని నివారణకై 2004 నుండి మన దేశంలో ఏటా ఇంటింటికీ పంచుతూ వచ్చిన డి.ఇ.సి. మాత్ర, అదే సీమలో పుట్టిన ఒక శాస్త్రవేత్త నాయకత్వాన జరిగిన పరిశోధన ఫలితం. ఆయనే యల్లాప్రగడ సుబ్బారావు.

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. మెట్రిక్యులేషన్‌లో రెండుసార్లు తప్పి, మూడవసారి మద్రాసులో ఉత్తీర్ణులైనారు. వైద్య కళాశాలలో ఖద్దరు ధరించి ఆంగ్లేయ ఆచార్యుని ఆగ్రహానికి గురైనందున ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది. అంతకంటె పెద్ద దెబ్బ ఇంట్లో తగిలింది. స్ప్రూ అనే పేగు వ్యాధికి ఇద్దరు సోదరులు కొద్ది రోజుల తేడాతో బలైనారు. ఆ వ్యాధికి మందు అప్పటికి లేదు.

భార్య శేషగిరిని పుట్టింట విడిచి ఆయన అమెరికా చేరారు. ఆసుపత్రిలో చిన్న పనులు చేసుకుంటూ హార్వర్డులో చదివారు. అక్కడ ఫిస్కేతో కలిసి కండరాలలో ఎ.టి.పి.ని గుర్తించి 1929లో ప్రకటించారు. ఎ.టి.పి. కణానికి శక్తినిచ్చే పదార్థమని మనం చదువుకుంటాం. అది అంతటితో ఆగదు. రోగక్రిమి ప్రవేశించగానే తెల్లరక్తకణాలలో కొన్ని జన్యువులు మేల్కొని ఆర్.ఎన్.ఎ. నకళ్ళుగా మారుతాయి. దీనినే అనులేఖనం అంటారు. ఆ నకలులోని నాలుగు అక్షరాలలో ఒకటి ఎ.టి.పి. నుండే వస్తుంది. ఏ జన్యువును ఎప్పుడు మేల్కొల్పాలో నిర్ణయించే ప్రోటీన్ల సంగతి ఆయన కాలానికి తెలియదు. వాటిలో ప్రధానమైన ఎన్.ఎఫ్. కప్పా బి.ని రంజన్ సేన్, డేవిడ్ బాల్టిమోర్‌లు 1986లో గుర్తించారు.

ఆ అక్షరాలలో కొన్నింటి తయారీకి ఫోలిక్ ఆమ్లం కావాలి. 1940లో లెడర్లీ ప్రయోగశాలలో చేరిన సుబ్బారావు, తన బృందంతో 1945 నాటికి దానిని కృత్రిమంగా తయారుచేయించారు. సోదరులను బలిగొన్న స్ప్రూకు అదే మందైంది! ఆపైన ఆయన ఎదురు ప్రశ్న వేసుకున్నారు. ఫోలిక్ ఆమ్లాన్ని అడ్డగిస్తే అదుపు తప్పి పెరిగే కణాలు ఆగవా? అలా వచ్చిన అమినాప్టెరిన్‌తో ఫార్బర్ 1947లో రక్తక్యాన్సర్ సోకిన పిల్లలకు తాత్కాలిక ఉపశమనం కలిగించారు. దాని తోబుట్టువైన మెథోట్రెక్సేట్, శరీరంపైనే దాడి చేసే రోగనిరోధక కణాలను శాంతింపజేయగలదని తరువాత తేలింది. కీళ్ళవాతానికి దానిని వాడేందుకు అమెరికా 1988లో అనుమతించింది.

సుబ్బారావు అది చూడలేదు. 1948 ఆగస్టులో, 53వ ఏట, న్యూయార్కులో కన్నుమూశారు. పాతికేళ్ళలో ఒక్కసారైనా ఆయన స్వదేశానికి రాలేదు. శేషగిరి ఆయనను మళ్ళీ చూడనేలేదు.