మతం మారినా మనసు తాకట్టు పెట్టని రమాబాయి

పండిత రమాబాయి పేరు వినగానే చాలామందికి వితంతువుల శరణాలయం గుర్తొస్తుంది. నాకైతే ఆమె వేసిన ప్రశ్నలు గుర్తొస్తాయి. పుట్టిన మతంలో ఉన్నప్పుడూ అడిగింది, క్రైస్తవం పుచ్చుకున్నాకా అడిగింది. అందుకే రెండు వైపుల పెద్దలకూ ఆమెతో పేచీయే!

1858లో పశ్చిమ కనుమల్లో పుట్టింది రమాబాయి. తండ్రి అనంతశాస్త్రి భార్యకు సంస్కృతం నేర్పాడని పండితులు మండిపడితే, ఆయన ఊరొదిలి అడవిలో కాపురం పెట్టాడు. తల్లి లక్ష్మీబాయే ఆమెకు గురువు. భాగవతం శ్లోకాలన్నీ కంఠతా పట్టించింది. ఊరూరా పురాణం చెప్పుకుంటూ తిరిగే ఆ కుటుంబాన్ని కరువు కాటేసింది. మన తిరుపతి అడవుల్లో ఆకులలములు తిని ప్రాణాలు నిలుపుకున్నారట. 1874లో తల్లిదండ్రులిద్దరూ పోయారు. ఎన్ని వ్రతాలు చేసినా ఎందుకిలా జరిగింది? ఆమె ప్రశ్నలకు అక్కడే బీజం పడిందని నాకనిపిస్తుంది.

అన్నతో కలిసి కాలినడకన దేశం తిరిగి 1878లో కలకత్తా చేరింది. అక్కడి పండితులు ఆమె పాండిత్యానికి ముగ్ధులై 'పండిత', 'సరస్వతి' బిరుదులిచ్చారు. అన్న కూడా పోయాక, 1880లో వేరే కులానికి చెందిన బెంగాలీ వకీలును రిజిస్టరు పెళ్లి చేసుకుంది. రెండేళ్లు తిరక్కుండానే కలరా ఆయన్ని తీసుకుపోయింది. చంటిబిడ్డ మనోరమతో పూనా వచ్చి 1882లో ఆర్య మహిళా సమాజం పెట్టింది. మన రాజమండ్రిలో వీరేశలింగంగారు తొలి వితంతు వివాహం జరిపించి అప్పటికి ఏడాదైనా కాలేదు.

వైద్యం చదవాలని 1883లో ఇంగ్లండు వెళ్లింది. చెవుడు అడ్డొచ్చి ఆ చదువు సాగలేదు. పతితులని లోకం వెలివేసిన ఆడవాళ్లను అక్కడి సన్యాసినులు చేరదీయడం చూసి ఆమె మనసు కరిగింది. అదే ఏడు బాప్తిస్మం తీసుకుంది. ఇక చెప్పినట్టల్లా వింటుందనుకున్నారు కాబోలు! ఆమె వింటేగా? దేవుడొక్కడే అయితే త్రిత్వం ఏమిటని అడిగింది. క్రైస్తవంలో ఇన్ని శాఖలుంటే ఏది నిజమని నిలదీసింది. మెడలో వేసుకునే శిలువ మీద లాటిన్ మాటలెందుకు, మన సంస్కృతం పనికిరాదా అంది. మాంసం ముట్టలేదు. మగపిల్లలకు పాఠాలు చెప్పకూడదని బిషప్పులు అభ్యంతరపెడితే గట్టిగా ఎదిరించింది. దేవుణ్ణి నమ్మడం వేరు, మనుషుల పెత్తనానికి తలవంచడం వేరు. నాకు తెలిసి ఆమె వేదాంతమంతా ఇంతే.

1886లో ఆనందీబాయి జోషి డాక్టరు పట్టా అందుకుంటుంటే చూడటానికి అమెరికా వెళ్లింది. అక్కడే మన వితంతువుల కష్టాల మీద పుస్తకం రాసి, విరాళాలు పోగుచేసింది. 1889లో బొంబాయిలో శారదా సదన్ తెరిచింది. అందులో మొదటిగా చేరిన వితంతువుల్లో ఒకరైన గోదూబాయే తర్వాత సంస్కర్త కార్వే భార్య అయింది. పిల్లల్ని క్రైస్తవం వైపు లాగుతోందని 1893లో గొడవ లేచింది. రానడే, భండార్కర్ లాంటి హితులు తప్పుకున్నారు, ఇరవైమందికి పైగా అమ్మాయిల్ని ఇళ్లకు తీసుకెళ్లిపోయారు. ఆడపిల్లల్ని నమ్మి పంపిన తల్లిదండ్రుల భయమూ కొట్టిపారేయదగ్గది కాదు. అయినా తన ప్రార్థన చాటుగా చేసుకోనంది రమాబాయి. మరి ఆ పిల్లల చదువు మాటేమిటి? ఆ ప్రశ్న మాత్రం ఇప్పటికీ నన్ను వదలదు.

1896 తర్వాత వరసగా కరువులు. ఊళ్ల మీద పడి, ఆకలికి అలమటిస్తున్న ఆడపిల్లల్ని వెంటబెట్టుకొచ్చింది. పూనా దగ్గర కేడ్గావ్‌లో ముక్తి సదన్ వందలమందికి నీడనిచ్చింది. నేత, వంట, తోటపని, అచ్చుపని అన్నీ నేర్పారు. ప్లేగు రోజుల్లో ఆసుపత్రుల్లో ఆడవాళ్లను చూసే తీరు మీద క్రైస్తవ సర్కారునే పత్రికకెక్కించింది.

చివరి ఏళ్లు హీబ్రూ, గ్రీకు నేర్చుకుని బైబిలును పామర స్త్రీలకు అర్థమయ్యే మరాఠీలోకి తెచ్చింది. అచ్చు వేసిందీ అక్కడి ఆడవాళ్లే. 1921లో కూతురు మనోరమ పోయింది. మరుసటేడు ఏప్రిల్ 5న రమాబాయి కన్నుమూసింది.

ఆమె మతం మనది కాకపోవచ్చు. కానీ గుడి పెద్దలైనా, చర్చి పెద్దలైనా, ఇంటి పెద్దలైనా, ఎందుకని అడిగే హక్కు ఆడదానికి ఉందని బతికి చూపించింది. మన అమ్మాయిలకు ఈ కథ చెప్పండి.