టెరాప్లేన్ పాటగాడు రాబర్ట్ జాన్సన్

పొట్ట చేతబట్టుకొని ఊరు విడిచిన ప్రతివానికీ ఒక దిగులు ఉంటుంది. తాను లేని వేళ తన ఇంట ఏమి జరుగుతున్నదో, తనదనుకొన్నది ఇంకా తనదిగానే ఉన్నదో లేదో అన్నదే ఆ దిగులు. అమెరికాలో ఒక నల్లజాతి గాయకుడు ఈ దిగులును ఒక మోటారు కారు మీద పెట్టి పాడాడు. అతడే రాబర్ట్ జాన్సన్. బ్రతికినది 27 ఏండ్లు. రికార్డులకు ఇచ్చినది 29 పాటలు.

1911లో మిసిసిపీ రాష్ట్రంలోని హేజిల్‌హర్స్ట్ అనే చిన్న పట్టణంలో అతడు జన్మించాడు. తల్లి పేరు జూలియా. ఆమె భర్త చార్లెస్ డాడ్స్ స్వంత భూమీ, చేతిలో పనితనమూ గల గృహస్థు. తెల్లవారితో తగవు వచ్చి, ప్రాణభీతితో ఊరు విడిచి మెంఫిస్ నగరానికి పారిపోయి, స్పెన్సర్ అని పేరు మార్చుకొన్నాడు. ఆ తరువాత జూలియాకు నోవా జాన్సన్ అనే కూలివాని వలన పుట్టినవాడు రాబర్ట్. పిల్లవాడు కొన్నాళ్ళు మెంఫిస్‌లో స్పెన్సర్ ఇంటనూ, పిమ్మట తల్లితో, మారుతండ్రితో రాబిన్సన్‌విల్ దగ్గరి ప్రత్తి తోటలలోనూ పెరిగాడు. పెద్దవాడై కన్నతండ్రి ఎవరో తెలిసికొన్నాకనే జాన్సన్ అనే పేరు పెట్టుకొన్నాడు.

1929లో వివాహమైనది. మరుసటి ఏడే పదహారేండ్ల భార్య వర్జీనియా పురిటిలో బిడ్డతో సహా కన్నుమూసింది. ఆ దెబ్బతో అతడు పాటనే పట్టుకొన్నాడు. మౌత్ ఆర్గాన్ బాగా వాయించేవాడు గాని, గిటారు ముట్టుకొంటే సన్ హౌస్ వంటి పెద్ద గాయకులు నవ్వేవారు. అతడు హేజిల్‌హర్స్ట్‌కు తిరిగిపోయి, ఐక్ జిమ్మర్‌మన్ అనే గురువు వద్ద సాధన చేసి వచ్చాడు. నవ్వినవారే ఈ మారు నోరు తెరచి విన్నారు. నాలుగు దారుల కూడలిలో అర్ధరాత్రి దయ్యానికి ఆత్మను అమ్మి విద్య సంపాదించాడని తరువాత కథ పుట్టింది. చెమటోడ్చి నేర్చిన విద్యను దయ్యానికి కట్టబెట్టడం న్యాయం కాదు.

ఇక కారు సంగతి. 1932లో, వ్యాపారాలన్నీ కుంగిపోయిన రోజులలో, డిట్రాయిట్ నగరపు హడ్సన్ కంపెనీ చౌకగా, తేలికగా, వేగంగా పోయే కారును విడుదల చేసి టెరాప్లేన్ అని పేరు పెట్టింది. నేలమీది విమానమన్న మాట. విమానాలు నడపడంలో పేరుమోసిన అమీలియా ఇయర్‌హార్ట్ చేత దానికి ప్రారంభోత్సవం చేయించారు. రైలులోనూ బస్సులోనూ నల్లవారిని వేరుగా కూర్చోబెట్టిన ఆ దక్షిణ రాష్ట్రాలలో, స్వంత కారంటే వేగం మాత్రమే కాదు. ఒకరి అనుమతి లేకుండా కదలగలగడం.

1936 నవంబరు 23న టెక్సాస్‌లోని శాన్ ఆంటోనియోలో, గంటర్ హోటలు గదిలో, జాన్సన్ మొదటిసారి రికార్డు యంత్రం ముందు కూర్చున్నాడు. ఆ రోజు పాడిన వాటిలో ఒకటి టెరాప్లేన్ బ్లూస్. బ్లూస్ అంటే నీలిరంగు. ఇంగ్లీషులో అది దిగులుకు గుర్తు. పాటలోని మనిషి ఊరినుండి తిరిగివచ్చి చూస్తే కారు స్టార్టు కాదు. తాను లేనప్పుడు దీనిని ఎవరు నడిపారని అనుమానం. లైట్లు, హారను, బ్యాటరీ, స్పార్కు ప్లగ్గులు వరుసగా తడిమి చూస్తాడు. అతడు అడుగుతున్నది కారును గురించి కాదనీ, ఇంట విడిచిపోయిన స్త్రీని గురించి అనీ వినేవారికి ఇట్టే తెలిసిపోతుంది. శ్లేషలో నవ్వు ఉన్నది. నవ్వు క్రింద భయం ఉన్నది.

1937లో వెలువడిన ఆ రికార్డు సుమారు 5,000 అమ్ముడుపోయినదంటారు. అతని జీవితకాలంలో బాగా పేరు తెచ్చినది అదే. ఆ జూన్‌లో డల్లాస్‌లో మరి కొన్ని పాటలు ఇచ్చాడు. కాని కారును పాడినవాడు తిరిగినది మాత్రం గూడ్సు బండ్లలో, దారిన పోయే వాహనాలలో. తోటి గాయకుడు జానీ షైన్స్‌తో కలిసి ఆ కారు పుట్టిన డిట్రాయిట్ దాకా వెళ్ళాడు. దక్షిణాది ప్రత్తి చేలు విడిచిన నల్లవారు లక్షల సంఖ్యలో చేరుకొంటున్న ఉత్తరాది నగరాలలో అదీ ఒకటి.

1938 ఆగస్టు 16న మిసిసిపీలోని గ్రీన్‌వుడ్ దగ్గర అతడు మరణించాడు. విషం పెట్టారన్నారు, మరణ పత్రంలో మాత్రం వైద్యుడు లేడని వ్రాసి ఉన్నది. ఆ సంవత్సరమే హడ్సన్ వారు టెరాప్లేన్ పేరును కూడా ముగించారు. ఆ డిసెంబరులో న్యూయార్కు కార్నెగీ హాలులో పాడించాలని జాన్ హామండ్ అతని కోసం వెదికించాడు. లేడని తెలిసి, వేదిక మీద అతని రికార్డులను వినిపించాడు.

కారు పాటలు అతనితో ఆగలేదు. 1951లో జాకీ బ్రెన్‌స్టన్ ఓల్డ్స్‌మొబీల్ కారుపై రాకెట్ 88 పాడాడు. 1955లో చక్ బెర్రీ మేబెలీన్ పాటలో ఫోర్డు చేత కాడిలాక్‌ను తరిమించాడు. వాటిలో వేగం, ఉత్సాహం హెచ్చు. జాన్సన్ పాటలో కారు కదలనే కదలదు. 1961లో అతని పాటలు పెద్ద రికార్డుగా తిరిగి వెలువడి, సముద్రం దాటి ఇంగ్లండు యువకులకు గురుపీఠమైనవి.

దూరాన ఉన్నవాడు ఇంటికి రాగానే ముందుగా తడిమి చూసుకొనేది గోడలను కాదు, మనసులను. ఇల్లంటూ నిలకడగా ఎరుగని ఒక బాటసారి ఆ సత్యాన్ని కారు బానెట్టు ఎత్తి చూపించి పోయాడు.