బలిజేపల్లి లక్ష్మీకాంతకవిగారు: హరిశ్చంద్ర నాటకము, చలనచిత్రము

రేణిగుంట కూడలిలో బండి మారి గూడూరు మార్గమున కొంతదూరము పోయినచో శ్రీకాళహస్తి చేరుదుము. ఆ క్షేత్రముననే తమ తుదిదినములు గడపి, 1953వ సంవత్సరమున పరమపదించిన కవివర్యులు బలిజేపల్లి లక్ష్మీకాంతముగారు. ఈ సీమలో మహాసభ జరుగు తరుణమున వారిని స్మరించుట మా విధి యని తలంచితిమి.

వీరు 1881లో బాపట్ల ప్రాంతమందలి ఇటికంపాడున జన్మించిరి. కర్నూలులో మేనమామగారికడ విద్య నభ్యసించి, తొలుత గుమాస్తాగాను, పిమ్మట గుంటూరున ఉపాధ్యాయులుగాను పనిచేసిరి. అవధానములు చేసిరి. అయినను వారి పేరు పల్లెపల్లెకు ప్రాకుటకు కారణము సత్యహరిశ్చంద్రీయ నాటకమే.

ఆ నాటకము రాత్రి ప్రారంభమై వేకువదాక నడచెడిది. నటుడు హార్మనీ శ్రుతిలో రాగము సాగదీసి పద్యము పాడును. జనులు వన్స్‌మోర్ అన్న మరల పాడును. కాటిరంగము వచ్చునప్పటికి పాడిపాడి యతని గొంతు బొంగురుపోయి యుండును. ఆ యలసట నటునిదో, సర్వము కోల్పోయిన రాజుదో తెలియరాదు. మేలుకొని చూచినవారు సైతము ఆ కష్టమున పాలుపంచుకొన్నవారే.

ఈ కథయే 1935లో తెలుగున చలనచిత్రమయ్యెను. అద్దంకి శ్రీరామమూర్తిగారు హరిశ్చంద్రుడు, కన్నాంబగారు చంద్రమతి. నాటకమున వెనుక వరుసవానికి చంద్రమతి కన్నీరు కానరాదు. చిత్రము దానిని ప్రతివాని కన్నులయెదుట నిలిపెను. ఇది గొప్ప లాభము. కాని రాగము ఫిలిము నిడివికి లోబడెను. రెండవమారు పాడుమని తెరనడుగ వీలులేదు. 1965 నాటి సత్యహరిశ్చంద్ర చిత్రమున రూపము రామారావుగారిది, పద్యగానము ఘంటసాలవారిది. రంగస్థలమున ముఖమును గొంతును ఒక్కనివే.

ఇందుచే కవిగారు చిత్రసీమను నిరసించిరని యెంచరాదు. మదరాసు చేరి, మళ్ళీ పెళ్ళి (1939) చిత్రమున నటించిరి. బాలనాగమ్మ (1942) వంటి చిత్రములకు రచన చేసిరి. రెండు విద్యల మర్మమును ఎరిగినవారు.

నాటకమునకు మరియొక విశేషము గలదు. అది తలుపులు తెరచిన యిల్లు. కాటిరంగమున నటులు గుర్రము జాషువగారి శ్మశానవాటి పద్యములను చేర్చి పాడిరి; అవి నాటకమున అంతర్భాగములో యనునట్లు నిలిచిపోయినవి. చక్రవర్తి వీరబాహునకు దాసుడై కాడు కాచు ఘట్టమది. కులము పేర అవమానముల ననుభవించిన కవి పద్యము ఆ ఘట్టముననే బలిజేపల్లివారి పద్యముల సరసన వెలసెను. తెల్లవారుజామున కన్నీరు తుడుచుకొను జనులు ఏ పద్యము ఏ కులమువారిదని అడుగలేదు.

కులము పేర కూడిన మనము ఈ సంగతిని మరువకుందుము గాక. కాళహస్తికి పోవు సభ్యులు స్వామి దర్శనానంతరము ఆ కవివర్యుని ఒక్క క్షణము తలంతురని ఆశించుచున్నాము.